దిగంబర వేమన: చిత్రానికి గౌరవం, పద్యానికి అభ్యంతరం

జనబాహుళ్యంలో ప్రచారంలో ఉన్న వేమన చిత్రం దిగంబరమైనది. బహిరంగ నగ్నత్వాన్ని అసభ్యంగా భావించే సమాజంలోనే అది గౌరవం పొందుతున్నది. ఇందుకు ప్రధాన కారణం ‘యోగి’ అనే విశేషణం. 1947 నాటి కె.వి.రెడ్డి చలనచిత్రమూ, 2006లో కడపలో ఏర్పడిన విశ్వవిద్యాలయమూ ఆ విశేషణంతోనే వేమన పేరును స్వీకరించాయి.

చట్టం దృష్టీ ఇటువంటిదే. 2024 వరకు అమలులో ఉన్న భారత శిక్షాస్మృతి 292వ సెక్షను అశ్లీల ప్రదర్శనను నిషేధిస్తూనే దేవాలయ శిల్పాలను మినహాయించింది. 1965లో తొలి సంపుటి వెలువరించిన దిగంబర కవులు నగ్నతను ధిక్కార సంకేతంగా గ్రహించారు. వారికి ‘యోగి’ అనే రక్షణ లేదు. అందువల్ల వారి కవిత్వం అశ్లీలమనే ఆరోపణను ఎదుర్కొన్నది.

అయితే అదే విశేషణం వేమన పద్యంలోని తీవ్రతను మరుగుపరచింది. కడపలో తెలుగు అభ్యసించిన సి.పి.బ్రౌన్ 1829లో వేమన పద్యాలను ఆంగ్లానువాదంతో ప్రచురించాడు. తరువాతి పాఠ్యపుస్తకాలు మాత్రం ప్రధానంగా నీతి పద్యాలనే గ్రహించాయి. విగ్రహారాధనపై, కులాధిక్యంపై ఆయన చేసిన అధిక్షేపం తరగతి గదికి దూరమైంది.

మతవిశ్వాసాల అవమానాన్ని శిక్షార్హం చేసిన 295-ఎ సెక్షను 1927లో చేరింది. 1957లో రామ్‌జీలాల్ మోదీ కేసులో సుప్రీంకోర్టు దానిని సమర్థిస్తూ, బుద్ధిపూర్వకంగా, దురుద్దేశంతో చేసిన అవమానానికే అది వర్తిస్తుందని స్పష్టం చేసింది. ఈ ప్రమాణంతో చూస్తే వేమన అధిక్షేపం బుద్ధిపూర్వకమే గాని దురుద్దేశపూరితం కాదు. ఆయన నిరసించినది భక్తుని కాదు, ఆచారం చాటున సాగే వంచనను.

కనుక దిగంబర చిత్రానికి లభించిన ఆమోదాన్ని భావస్వేచ్ఛకు లభించిన ఆమోదంగా పరిగణించలేము. నొప్పించే పద్యాలకు కూడా పాఠ్యాంశంలో చోటు దక్కినప్పుడే వేమన వాక్కుకు స్వేచ్ఛ లభించినట్లు.