పొణికి, టేకు, పనస

మామిడి కోతలు అయిపోయాక మా రెడ్డిగూడెంలో అందరికీ కాస్త తీరిక దొరుకుతుంది. ఇంటిల్లిపాదినీ కారెక్కించుకుని ఎటైనా పోదామంటే తిరుపతి అంటారు, అరకు అంటారు. నన్నడిగితే ఒక్క దారే చెబుతాను. మైలవరం మీదుగా కొండపల్లి, బెజవాడ దాటి కూచిపూడి, బందరు పక్కన పెడన, గుడివాడ, హనుమాన్ జంక్షన్ మీదుగా నూజివీడు, అక్కణ్నుంచి ఇల్లు. ఇంత కొద్ది దూరంలో ఇంత చేతిపని ఇంకెక్కడైనా ఉందంటే నేను ఒప్పుకోను. మా ఇంట్లో పిల్లలకు కొండపల్లి నచ్చింది, అమ్మకు పెడన. నా ఓటు నూజివీడుకే.

కొండపల్లిలో కొండ మీది కోట రెడ్డిరాజులు కట్టించిందంటారు. ఎక్కి దిగితే పిల్లలకు సరదా తీరుతుంది. అసలు చూడాల్సింది కింద బొమ్మల కాలనీ. బొమ్మలు చేసే ఆర్యక్షత్రియుల పూర్వీకులు ఎప్పుడో రాజస్థాన్ నుంచి వచ్చారని చెప్పుకుంటారు. ఎక్కణ్నుంచి వస్తేనేం, ఈ కొండల్లోని తెల్ల పొణికి చెట్టును పట్టుకోవడం వాళ్ల గొప్పతనం. పచ్చి కొయ్యలో తేమ పోయేదాకా సన్నటి సెగ మీద కాస్తారు. "తొందరపడితే పగులుద్ది బాబూ" అన్నాడు ఒక పెద్దాయన, చేతిలో పని ఆపకుండానే. ఆరిన పొణికి మీద ఉలి పెడితే ముంజకాయ చెక్కినట్టు వస్తుంది. బరువే ఉండదు.

ఏనుగు అంబారీ బొమ్మను చేతిలోకి తీసుకుని చూడండి. ఒక్క దుంగలోంచి చెక్కింది కాదది. ఒళ్లు వేరు, తొండం వేరు, చెవులు వేరు, పైన అంబారీ, అందులో కూర్చున్న రాజు అన్నీ వేరు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి చేసిన మక్కుతో వాటిని అతికిస్తారు. అతుకు ఎక్కడుందో వెతికితే దొరకదు. ఆకురాయితో నున్నగా చేసి, సున్నం పూత వేసి, ఆరాక మేక వెంట్రుకల కుంచెతో రంగులు దిద్దుతారు. కన్ను దిద్దేటప్పుడు ఆ చెయ్యి నిలకడ చూడాలి! తాటిచెట్టు ఎక్కే గీతకార్మికుడి బొమ్మలో నడుముకు కట్టిన మోకు దగ్గర్నుంచి మడమ ఒత్తిడి దాకా తెలుస్తుంది. మా ఊరి గట్ల మీద రోజూ కనబడే మనిషే మరి. దశావతారాలు అందరూ మెచ్చుకుంటారు గానీ, నాకు ఈ బతుకు బొమ్మలే గొప్పవి.

ఇంత పనికి మనం ఇస్తున్న విలువ చూస్తే కడుపు మండుతుంది. సంక్రాంతి బొమ్మల కొలువులో ఇప్పుడు అచ్చు పోసిన ప్లాస్టిక్ దేవుళ్లు వరసగా కూర్చుంటున్నారు. ఒకప్పటి ఆకు రంగులు, చెట్ల రంగులు పోయి ఎనామిల్ డబ్బాలు వచ్చాయి. ఆ పాపం చేసేవాళ్లది కాదు, తళతళలాడితేనే కొంటామన్న మనది. అడవిలో పొణికి తరిగిపోతోంది. కొత్తగా నాటిన చెట్టు కోతకు రావాలంటే ఏళ్లు పడుతుంది. షోరూములో ధర చీటీ చూసి మారుమాట్లాడకుండా చెల్లించేవాళ్లు, ఆ బొమ్మ చేసినవాడి అరుగు మీద కూర్చుని వంద రూపాయలు తగ్గించమంటారు. ఈ బేరం మానుకోవాలి.

కూచిపూడి దగ్గర ఎక్కువసేపు ఆగలేదు. కానీ ఆ ఊళ్లో అడుగుపెట్టి వేదాంతం సత్యనారాయణశర్మను తలుచుకోకుండా ఎలా ఉంటాం? మగవాడై పుట్టి సత్యభామగా తెర వెనక నుంచి జడ బయటికి వేస్తే, సభలోని ఆడవాళ్లే ఆ వయ్యారం చూసి నేర్చుకునేవాళ్లట. 1970లో పద్మశ్రీ ఇచ్చారు. ఆటగాళ్ల నగలు కూడా ఒకప్పుడు తేలిక కొయ్యతో చేసి పూత పూసినవేనట.

పెడనలో కొయ్య మారుతుంది. ఇక్కడ టేకు. కలంకారీ అనగానే శ్రీకాళహస్తి కలమే కళ అనీ, అచ్చుది రెండో రకమనీ తేలిగ్గా మాట్లాడేవాళ్లున్నారు. వాళ్లను ఒక్కసారి అద్దకం బల్ల దగ్గర నిలబెట్టాలి. టేకు చెక్క మీద వెంట్రుకంత గీతలు చెక్కినవాడిది ఒక విద్య, ఆ అచ్చును గజాల కొద్దీ గుడ్డ మీద గీత కలిసేలా అద్దుకుంటూ పోయేవాడిది మరో విద్య. ఒక్క పువ్వులో ఎన్ని రంగులుంటే అన్ని అచ్చులు.

ఆ రంగుల పని వింటే నమ్మబుద్ధి కాదు. ముందు గుడ్డను కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెడతారు. తుప్పుపట్టిన ఇనుము, బెల్లం కలిపి రోజుల తరబడి పులియబెట్టిన నీళ్లతో అచ్చు అద్దితే, కరక్కాయ తగిలిన చోట నల్లగా తేలుతుంది. ఎరుపు కావాల్సిన చోట పటిక అద్దుతారు, అప్పటికి అక్కడ ఎరుపు జాడే ఉండదు. పారే నీళ్లలో ఉతికి, ఎర్రరంగు వేళ్లు వేసి రాగి పాత్రలో మరిగిస్తే, పటిక పట్టిన చోటే ఎరుపు పట్టుకుంటుంది. కాలవ నీళ్లు, ఎండ కూడా ఇందులో పనివాళ్లే. అమ్మ ఆ రాగి పాత్ర దగ్గర్నుంచి కదల్లేదు.

డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో బందరులో దిగింది ఈ తీరం గుడ్డల కోసమే. మన దేశపు అద్దకం గుడ్డల ధాటికి తట్టుకోలేక ఫ్రాన్సు 1686లో వాటిని నిషేధించింది. 1721లో ఇంగ్లండు వాడకం మీదే చట్టం చేసింది. రాజ్యాలు చట్టాలు చేసినా చావని పనిని ఇప్పుడు మన బజార్లు చంపుతున్నాయి. మిషను మీద గంటలో దిగే ముద్రలకు "కలంకారీ" అని పేరు పెట్టి అమ్ముతుంటే చూస్తూ ఊరుకుంటున్నాం. కొనేముందు గుడ్డను తిరగేసి చూడండి. అసలైన ఎరుపూ నలుపూ వెనక్కి దిగి ఉంటాయి. అచ్చుకూ అచ్చుకూ మధ్య ఎక్కడో చెయ్యి తెలుస్తుంది. వెనక తెల్లగా వెలవెలబోతుంటే అక్కడే వదిలేయండి.

ఇక నూజివీడు. మామిడికి పేరుపడ్డ ఊళ్లో పనసకొయ్య పాడుతుంది. బొబ్బిలి వీణ పేరు లోకమంతా మోగుతుంది, మోగనివ్వండి. మా నూజివీడు వీణ నాదం విన్నవాడికి దాని సంగతి వేరే చెప్పక్కర్లేదు. బాగా ఆరిన పనస దుంగను తొలిచి కుండ చేస్తారు. దండి చివర యాళి ముఖం చెక్కుతారు. అన్నిటికంటే కష్టం మేళం కట్టడం. తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి, ఆ నల్లటి మైనంలో ఇరవై నాలుగు ఇత్తడి మెట్లు నిలబెట్టాలి. ప్రతి మెట్టు చోటూ చెవితోనే తేల్చాలి. పిసరంత జరిగితే స్వరం తప్పుతుంది. చిట్టిబాబు "కొమ్మలో కోయిల" వాయిస్తే నిజంగా కోయిల కూసినట్టుండేది. ఆయన గురువు ఈమని శంకరశాస్త్రి వీణ మీద చూపని విన్యాసం లేదు. తీగ లాగితే గమకం అలా పలకాలంటే మెట్టు సరైన చోట ఉండాలి. దాన్ని అక్కడ నిలబెట్టిన మనిషి పేరు మాత్రం ఏ కచేరీ కరపత్రంలోనూ కనబడదు.

నాకు బాధంతా ఇక్కడే. జపాన్ పల్లెల్లో కుండలు, కొకేషి కొయ్యబొమ్మలు చూడటానికి మనవాళ్లు లక్షలు పెట్టి వెళ్తున్నారు. అక్కడ 1950లోనే చట్టం చేసుకున్నారు. దాని కిందే గొప్ప చేతిపనివాళ్లను సజీవ జాతీయ సంపదగా గౌరవిస్తున్నారు. నూజివీడులో వీణ చేసే కుటుంబాలు కొద్దిగా మిగిలాయి. పిల్లలు వేరే పనులకు పోతున్నారు, పొమ్మనేదీ ఆ తండ్రులే. వీణ కొనే సంగీత కళాశాలలకూ, గుళ్లకూ, ఆస్తిపరులకూ నా మనవి ఇదే: ఇక్కడికి వచ్చి మేళం కట్టేటప్పుడు పక్కన కూర్చోండి, అడిగిన ధర ఇవ్వండి, కుండ మీద మీ ఇంటిపేరు కాకుండా ఆ వీణ చేసినవాడి పేరు చెక్కించండి.