కంచు విగ్రహము – గోడమీది ఖాళీ కుర్చీ

మరణించినవారిని మన భాషలలో కీర్తిశేషులని పేర్కొనుట పరిపాటి. మనిషి పోగా మిగిలినది కీర్తి యని ఆ మాటకు అర్థము. కాని మిగిలినదానిలో కీర్తి యెంత, తీర్చవలసిన బాకీ యెంత అను విచారణకు ఆ మాటలో చోటు లేదు. అమెరికాలోని పెన్ స్టేట్ విశ్వవిద్యాలయమున 2011లో వెల్లడియైన ఉదంతమును, దానిచుట్టు వెలసిన గ్రంథములను, చిత్రములను పరిశీలించువారికి ఈ విచారణ తప్పదు.

జో పాటర్నో ఆ విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ జట్టుకు 1966 నుండి 2011 వరకు ప్రధాన శిక్షకుడు. అతని జట్టు 409 ఆటలు గెలిచినది. కాని అతని ప్రతిష్ఠకు గెలుపులొక్కటే మూలము కాదు. అతడు బ్రౌన్ విశ్వవిద్యాలయములో ఆంగ్ల సాహిత్యము చదివినవాడు; బాల్యమున బ్రూక్లిన్‌లోని పాఠశాలలో గురువువద్ద లాటిన్ భాషలో వర్జిల్ మహాకవి ‘ఈనియడ్’ను పఠించినవాడు. తన సుఖముకన్న తనవారి యెడ బాధ్యతయే మిన్న యని నమ్మిన ఈనియస్‌ను అతడు తన జీవితమునకు ఆదర్శముగా చెప్పుకొన్నాడు. 1989లో వెలువడిన అతని ఆత్మకథలో ఆ కావ్యప్రభావము ప్రముఖముగా కనిపించును. ఆటగాడు ముందు విద్యార్థి కావలెనని అతడు పట్టుబట్టినాడు. విశ్వవిద్యాలయమునకు ఆ దంపతులిచ్చిన విరాళములు 40 లక్షల డాలర్లకు మించినవి. అక్కడి గ్రంథాలయమునకు వారి పేరే యున్నది. ఇవన్నియు నిజములు. వీనిని కాదనుట విమర్శ కాజాలదు.

మరియొక నిజమున్నది. అతని సహాయకుడు జెర్రీ శాండస్కీ 1969 నుండి 1999 వరకు ఆ జట్టులో పనిచేసినాడు. నిరుపేద బాలుర సహాయార్థమని 1977లో ‘సెకండ్ మైల్’ అను సంస్థను స్థాపించినాడు. ఆ సంస్థయే అతనికి పిల్లలను చేరువ చేసినది. 1998లో ఒక తల్లి ఫిర్యాదుపై విచారణ జరిగినను అభియోగము లేకుండ ముగిసినది. 2001 ఫిబ్రవరిలో ఒక యువ సహాయకుడు జట్టు స్నానశాలలో శాండస్కీని ఒక బాలునితో చూచి, మరునాడు పాటర్నోకు చెప్పినాడు. పాటర్నో పై అధికారికి చెప్పినాడు. పై అధికారులు తమలో తాము సంప్రదించుకొన్నారు. పోలీసులకు ఎవ్వరును చెప్పలేదు. ఆ సంవత్సరమే నవంబరులో క్రీడారంగము వెలుపల పాటర్నో కంచు విగ్రహము వెలసినది.

2012 జూన్ 22న న్యాయస్థానము పదిమంది బాలుర విషయమున 45 నేరములు శాండస్కీపై రుజువైనవని తీర్పు చెప్పినది. 2001 తరువాత జరిగిన అత్యాచారములును వానిలో నున్నవి. ఆ ఉదంతమంతటికి గుండెకాయ ఇదియే. ఆనాడు ఒక్కరు గడపదాటి వెళ్లి చెప్పియున్నచో రక్షింపబడగల పిల్లలు కొందరుండిరి.

పాటర్నోపై నేరారోపణ ఏనాడును జరుగలేదు. విన్నది పైవారికి చెప్పి చట్టము విధించినది చేసినాడని ప్రభుత్వ న్యాయవాదులే అంగీకరించినారు. ఇంకను చేసియుండవలసినదని అతడే 2011 నవంబరులో పశ్చాత్తాపము ప్రకటించినాడు. ఆ దినములలోనే ధర్మకర్తల మండలి అతనిని తొలగించినది. 2012 జనవరి 22న 85వ యేట అతడు మరణించినాడు. ఆ జూలైలో వెలువడిన ఫ్రీ నివేదిక అతడును ముగ్గురు అధికారులును విషయమును కప్పిపుచ్చిరని నిర్ణయించినది. అతని కుటుంబము దానిని ఖండించినది. 2017లో ఆ ముగ్గురును పిల్లల క్షేమమును ప్రమాదమున పడవేసిన నేరమునకు దోషులైరి: ఇద్దరు తప్పొప్పుకొనిరి, విశ్వవిద్యాలయపు మాజీ అధ్యక్షుని జ్యూరీ దోషిగా తేల్చినది.

భారతీయ పాఠకునికి ఇచ్చట సభాపర్వము స్ఫురింపక మానదు. ద్రౌపది అడిగిన ప్రశ్నకు భీష్ముడు ధర్మము సూక్ష్మమని తప్పుకొన్నాడు. అతడు వస్త్రమును పట్టి లాగినవాడు కాడు. అయినను ఆ సభలో అందరికన్న పెద్దవాడు. అతడు లేచి నిలిచినచో సభ నిలిచియుండెడిది. ఆసనము ఎంత ఎత్తైనదో మౌనము అంత బరువైనది. నోరు విప్పిన వికర్ణుడు చిన్నవాడగుటచే అతని మాట చెల్లలేదు. పెన్ స్టేట్‌లోను చూచి చెప్పినవాడు చిన్నవాడే. ఆ మాట మెట్టుమెట్టుగా పైకెక్కి, పైన ఆవిరియై పోయినది.

దండనయు చిత్రమైన రూపమును దాల్చినది. జాతీయ కళాశాలా క్రీడాసంఘము 2012 జూలైలో 6 కోట్ల డాలర్ల జరిమానా విధించి, 1998 నుండి గెలిచిన ఆటలను రద్దుచేసినది. పాటర్నో లెక్క 409 నుండి 298కి దిగినది. 2015 జనవరిలో ఆ గెలుపులు తిరిగి వచ్చినవి. గెలుపులను తీసివేసినవారును, తిరిగి యిచ్చినవారును లెక్కించినది ఆటలనే. దోషమును కొలుచుటకు సైతము వారికి వేరు కొలబద్ద దొరకలేదు.

ఈ విషయముపై వచ్చిన రచనలలోను ఇట్టి లోపమే కానవచ్చును. 2012లో పోస్నాన్‌స్కీ వ్రాసిన జీవితచరిత్రయు, 2018లో అల్ పచీనో నటించిన చిత్రమును పాటర్నోనే నడుమ నిలిపినవి. అతనికెంత తెలియును, ఎప్పుడు తెలిసినది అనునదే ప్రశ్నగా మిగిలినది. విషాదాంతపు చట్రములో నాయకుని పతనమే దుఃఖమై నిలుచును. పిల్లల దుఃఖము ఆ పతనమునకు హేతువుగా మాత్రమే మిగిలిపోవును. 2014లో అమీర్ బార్-లెవ్ తీసిన ‘హ్యాపీ వ్యాలీ’ అను వార్తాచిత్రము వీనికన్న లోతైనది. అందొక దృశ్యము మరపురానిది: విగ్రహముప్రక్క ఒకడు నిరసన పలకను పట్టి నిలిచియుండగా, ఛాయాచిత్రము తీసికొనవచ్చినవారు అతడు అడ్డమని కోపింతురు. వారు దుర్మార్గులు కారు. తమ జ్ఞాపకము చెదరుట వారికి సహింపరానిది. పాపమును కప్పునది కుట్ర యొక్కటే కాదు, ప్రేమయు కప్పగలదని ఆ దృశ్యము తెలుపుచున్నది.

2012 జూలై 22 ఉదయమున విగ్రహమును తొలగించినారు, గ్రంథాలయమునకు పేరుంచినారు. విద్యకు చేసిన సేవ వేరు, క్రీడాకీర్తి వేరని అధికారుల సమాధానము. కాని మనిషిని ఇట్లు రెండుగా చీల్చుట సులభోపాయమే. వ్యాసుడు ఇట్లు చేయలేదు. భీష్ముని ప్రతిజ్ఞను వ్రాసినాడు, సభలోని మౌనమును వ్రాసినాడు, అంపశయ్యమీది ధర్మబోధను వ్రాసినాడు. ఒకటి వ్రాయుటకు మరొకటి చెరపలేదు. చరిత్రకు కావలసిన నిజాయితీ అట్టిది. గ్రంథాలయమున పేరు ఉండవచ్చును. కాని అందులో 2001 సంవత్సరపు కథయు చదువుటకు లభించవలెను.

ఆ ఊరిలో మైకేల్ పిలాటో చిత్రించిన పెద్ద కుడ్యచిత్రమొకటి కలదు. ఊరి ప్రముఖుల నడుమ అందు శాండస్కీయు ఉండెను. 2011లో చిత్రకారుడు అతనిని చెరపి, నీలి రిబ్బనుగల ఖాళీ కుర్చీని చిత్రించినాడు. పాటర్నో మరణించినప్పుడు అతని తలచుట్టు తేజోవలయమును దిద్దినాడు. నివేదిక వచ్చినపిమ్మట దానిని తుడిచివేసినాడు, పాటర్నో చిత్రమును మాత్రముంచినాడు. ఖాళీయైన చోటున పిదప అత్యాచారబాధితుల పక్షమున పలుకు ఒక కవయిత్రి రూపమును నిలిపినాడు. కంచులో పోతపోసిన కీర్తి దిద్దుబాటును సహింపదు. దానిని నిలుపవలెను, లేదా కూలద్రోయవలెను. గోడమీది రంగు దిద్దుబాటును సహించును. ఉదంతమంతటిలో నోరులేని బాలుర తరపున ఒక స్వరమునకు చోటిచ్చినది ఆ గోడ.