వలస వచ్చినవారి మందిరము: స్తెఫను ప్రత్యర్థులు మొదలు ఆటోనగర్ వరకు

వలస విశ్వాసులను గూర్చి మన తెలుగు వేదికలపై వినబడే ప్రసంగాలు, వ్యాసాలు ఇంచుమించు ఒకే బాటలో నడుస్తున్నాయి. దేవుడు తన ప్రజలను చెదరగొట్టాడు, చెదరినవారు సువార్తను మోసుకొని వెళ్లారు, వెళ్లినచోట మందిరాలు వెలిశాయి, కాబట్టి వలస ఒక మిషనరీ వ్యూహము. ఈ వాదము తప్పని మేము అనము. అపొస్తలుల కార్యములు 8:4, 11:19 దానికి ఆధారమే. అయితే అది ఒక ప్రశ్నను దాటవేస్తున్నది. చేరువలో ఆరాధనా స్థలము ఉన్నప్పటికీ వలస వచ్చినవారు తమదైన మరొకదానిని ఎందుకు కట్టుకుంటారు?

ఈ ప్రశ్నకు తగిన వాక్యభాగము అదే గ్రంథములో 6:9. స్తెఫనుతో తర్కించినవారు లిబెర్తీనులు, కురేనీయులు, అలెక్సంద్రియులు, కిలికియ ఆసియల నుండి వచ్చినవారు. ఇవన్నీ ఒకే సమాజమా, రెండా, అయిదా అన్నది గ్రీకు వాక్యనిర్మాణమును బట్టి పండితులు ఇంకను వాదించుకొనుచున్న విషయము. ఆ లెక్క తేలకపోయినా మన పరిశీలనకు లోటు లేదు. దేవాలయము కన్నుల ఎదుట ఉన్న యెరూషలేములోనే విదేశాల నుండి వచ్చిన యూదులు తమ ఊరివారితో, తమకు అలవాటైన భాషలో కూడుకొనుటకు వేరుగా సమాజములు ఏర్పరచుకున్నారు. వీరిలో లిబెర్తీనులు దాస్యము నుండి విడుదల పొందినవారు, లేక వారి సంతతివారు.

ఇట్టి సమాజమందిరము ఎలా ఉండేదో తెలిపే ఒక శాసనము మనకు దొరికింది. 1913-14లో రేమండ్ వెయిల్ యెరూషలేములోని ఓఫెలు కొండపై జరిపిన త్రవ్వకాలలో బయటపడిన పది పంక్తుల గ్రీకు శాసనమది. వెత్తెనస్ కుమారుడును యాజకుడును సమాజపు అధికారియు అయిన థియొదొతు ఆ మందిరాన్ని కట్టించాడని అందులో ఉన్నది. తండ్రిది రోమా పేరు కనుక ఆ కుటుంబము విడుదల పొందిన దాసులదై ఉండవచ్చునని కొందరి ఊహ. శాసనము క్రీ.శ. 70కి ముందుదని ఎక్కువమంది అభిప్రాయము. మమ్మును ఆపినది మాత్రము ఆ మందిరపు ఉద్దేశములు: ధర్మశాస్త్ర పఠనము, ఆజ్ఞల బోధ, పరదేశము నుండి వచ్చి అవసరములో ఉన్నవారికి బస, గదులు, నీటి వసతి. ప్రార్థన అను మాట అందులో లేదు. నీటి వసతి ఉన్నది.

ఇంత మంచి ఆతిథ్యముగల సంప్రదాయములో నుండే స్తెఫనును రాళ్లతో కొట్టించిన వివాదము ఎలా పుట్టింది? ఆయన ప్రసంగమును (అధ్యాయము 7) ఈ కోణములో మరల చదవవలెను. మెసొపొతమియలో అబ్రాహాము, ఐగుప్తులో యోసేపు, మిద్యానులో మోషే: దేవుడు కనబడిన చోట్లలో ఎక్కువ భాగము వాగ్దాన దేశమునకు వెలుపలివే. పిమ్మట 7:48లో హస్తకృతాలయములను గూర్చిన మాట వస్తుంది. పరాయిదేశములో పుట్టి పెరిగి, ఎంతో కష్టపడి పరిశుద్ధ పట్టణానికి చేరినవారికి అది వినరాని మాట. తాము విడిచి వచ్చిన దేశాలలోనే దేవుడు ఉన్నాడంటే తమ ప్రయాణమునకు అర్థమేమిటి? మన వ్యాఖ్యానాలు వారిని కఠిన హృదయులని ఒక్క మాటతో తీసివేస్తాయి. అది తొందరపాటని మా అభిప్రాయము.

మన చరిత్రలో దీనికి దగ్గరి ఉదాహరణ నేటాలు. 1860 నవంబరు 16న ట్రూరో అను ఓడ మద్రాసు నుండి డర్బను చేరినది మొదలు 1911 వరకు సుమారు 1,52,000 మంది భారతీయులు ఒప్పంద కూలీలుగా అక్కడికి వెళ్లారు. వారిలో మన విశాఖపట్టణం జిల్లావారును ఉన్నారు. 1903లో తెలుగు బాప్టిస్టు హోం మిషనరీ సొసైటీ జాన్ రంగయ్యగారిని అక్కడికి పంపింది. ఆ సంవత్సరాంతములోనే కియర్స్‌నీ తేయాకు తోటలలో తెలుగు బాప్టిస్టు సంఘము ఏర్పడింది. ఆయన 1915లో మరణించారు.

ఈ కథను మనము పంపినవారి ఘనతగా చెప్పుకుంటాము. తెల్లవారి మిషను కాక తెలుగు సంఘమే మిషనరీని పంపుట నిజముగా గొప్ప సంగతి. కాని రంగయ్యగారు అడుగుపెట్టునాటికే అక్కడ తెలుగు విశ్వాసులున్నారు. అయిదేండ్ల ఒప్పందము, తోట క్రమశిక్షణ, పగలంతా పని, వీటి మధ్య కూడుకొనినవారు వారు. కొన్ని నెలలలోనే సంఘము నిలబడిందంటే కారణము వారే. మన చరిత్ర గ్రంథాలలో వారికి దొరికే చోటు బహు తక్కువ. 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టము డర్బను భారతీయులను ఇండ్ల నుండి తొలగించి చాట్స్‌వర్త్, ఫీనిక్స్ వంటి చోట్లకు పంపినప్పుడు కట్టుకున్న మందిరాలను విడిచి మరల కట్టుకొనవలసి వచ్చింది. తెలుగు క్రమముగా ఇంగ్లీషుకు చోటిచ్చింది. భాష కోసము కట్టిన మందిరము భాష పోయిన తరువాత కూడా నిలిచి ఉండుట వేరుగా పరిశోధించదగినది.

ఇక ఆటోనగర్. గాజువాక ప్రక్కన లేత్ మిషన్లు, వెల్డింగ్ షెడ్లు, లారీల మరమ్మతులతో ఉండే ఈ ప్రాంతములోని మన తెలుగు సంఘాలు కూడా వలసవారివే. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారము కోసము ఊళ్లు ఖాళీ చేసినవారు కొందరు, శ్రీకాకుళం, విజయనగరం నుండి పనికి వచ్చినవారు మరికొందరు. రేకుల షెడ్డులో మొదలైన ఆరాధన స్లాబు మందిరమునకు వచ్చింది. ఇప్పుడు ఒడిశా, బీహారు, జార్ఖండుల నుండి వచ్చిన కార్మికులు అవే షెడ్లలో పనిచేయుచున్నారు. వారిలో విశ్వాసులు తమ భాషలో కూడుకొనుటకు చోటు వెదుకుతున్నారు. మన సంఘములకు తోచే మొదటి సమాధానము, తెలుగు ఆరాధనకే వచ్చి కూర్చోండి అని. కియర్స్‌నీలో మనవారికి ఎవరైనా ఇంగ్లీషు ఆరాధనకు రమ్మని చెప్పియుంటే ఎట్లుండేదో ఎవరము తలచుకొనము. వేరుగా పెట్టుకుంటే సంఘము చీలుతుందని సేవకుల భయము. ఎఫెసీయులకు 2:14ను చూపుతారు. ఆ భయము పూర్తిగా నిరాధారము కాదు. నేటాలు తెలుగు బాప్టిస్టులే తరువాత రెండు వ్యవస్థలుగా విడిపోయారు. కాని ఆ వచనములో పడగొట్టబడిన గోడ ఎవరిదో, ఎవరిని దూరముంచినదో చదివిన తరువాతనే దానిని ఉపయోగించవలెను.

ఆదివారము మధ్యాహ్నము తరువాత మన మందిరాలు చాలావరకు తాళము వేసి ఉంటాయి. ఆ గంటలలో గదిని, ఫ్యానును, కుళాయిని అడిగినవారెవరో, కమిటీ ఏమని జవాబిచ్చినదో సంఘపు మినిట్స్ పుస్తకాలలో వెదకి వ్రాయుట మన విద్యార్థుల క్షేత్రపరిశోధనకు మంచి అంశము.