పాట వింటున్నామా, సభ చూస్తున్నామా?

సంగీత సభ ముగిసి జనం బయటికి వస్తున్నప్పుడు ద్వారం దగ్గర అయిదు నిమిషాలు నిలబడి వినే ఓపిక ఉన్నవారికి ఒక సంగతి సులభంగానే బోధపడుతుంది. కచేరి అద్భుతంగా ఉందన్న మాట అందరి నోటా వినిపిస్తుంది. ఏది అద్భుతమని అడిగితే మాత్రం వేదిక అలంకరణ, విద్వాంసుడి వినయం, కిక్కిరిసిన ప్రాంగణం, అనుకోకుండా కలిసిన పాత మిత్రుడు, ఇవే ముందుగా జ్ఞప్తికి వస్తాయి. పాడిన రాగమేదో, దానిని గాయకుడు ఎక్కడ ఎత్తుకొని ఎక్కడ నిలిపాడో చెప్పగలిగేవారు అరుదు. ఈ మాట ఇతరులను ఎత్తిపొడవడానికి అనడం లేదు. ఉద్యోగరీత్యా రాయ్‌పూర్‌లో స్థిరపడి, ఇక్కడి సభలకు కొన్నిటికి శ్రోతగాను, కొన్నిటికి నిర్వాహకులలో ఒకడిగాను వెళ్ళిన నేను కూడా అనేకసార్లు అదే ద్వారం గుండా అదే మాట అంటూ బయటికి వచ్చినవాణ్ణే.

కనుక ఈ ప్రశ్న మొదట నన్ను నేనే వేసుకోవలసినది. ఎదుట కూర్చుని పాడుతున్నవారి సంగీతాన్ని మనం నిజంగా ఆస్వాదిస్తున్నామా, లేక ఆ సంగీతం చుట్టూ అల్లుకొన్న సందర్భాన్ని ఆస్వాదించి దానికి సంగీతమని పేరు పెట్టుకొంటున్నామా?

1971 ఆగస్టు 1వ తేదీన న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో బంగ్లాదేశ్ శరణార్థుల సహాయార్థం జరిగిన సభను సంగీతాభిమానులు ఎరుగుదురు. పండిట్ రవిశంకర్ సితార్, ఉస్తాద్ అలీ అక్బర్ ఖాన్ సరోద్, ఉస్తాద్ అల్లారఖా తబలా. వాద్యాలు శ్రుతి చేసుకోవడం ముగియగానే వేలాది శ్రోతలు కరతాళధ్వనులు చేశారు. శ్రుతి చేసుకోవడమే మీకింత నచ్చితే వాయించడం ఇంకా నచ్చుతుందని ఆశిస్తానని రవిశంకర్ చమత్కరించారు. ఈ ఉదంతాన్ని చెప్పుకొని మనం నవ్వుకొంటాం. కాని ఆ శ్రోతలు అబద్ధమాడలేదు. వారి ఆనందం నిజమైనదే. ఒక మహత్కార్యంలో పాలుపంచుకొంటున్నామన్న ఉద్వేగం వారిది. అది చెవిలో నుంచి వచ్చినది కాదు, అంతే. మన సభల్లో తని ఆవర్తనం ముగింపుకు వస్తున్నదో లేదో తెలియక పక్కవారి చేతులు చూసి చప్పట్లు కొట్టే మనకు వారిని చూసి నవ్వే అర్హత అంతగా ఉందనుకోను.

దీనికి విపర్యయంగా కనిపించే ఉదంతం మరొకటి ఉంది. ప్రసిద్ధ వయొలిన్ విద్వాంసుడు జాషువా బెల్ 2007 జనవరి 12న వాషింగ్టన్‌లోని ఒక మెట్రో స్టేషను ద్వారం వద్ద సాధారణ దుస్తులలో నిలబడి 43 నిమిషాలు వాయించాడు. చేతిలో ఉన్నది 1713 నాటి స్ట్రాడివేరియస్ వాద్యం. ముందు నుంచి నడిచిపోయినవారు 1,097 మంది. కాసేపైనా ఆగి విన్నవారు ఏడుగురు. మూడు రోజుల ముందు బోస్టన్‌లో ఆయన కచేరికి ఓ మాదిరి మంచి సీటు ధర వంద డాలర్లు. సందర్భాన్ని తొలగిస్తే సంగీతానికి మిగిలే విలువ ఇంతేనని ఆనాటి నుంచి అనేకులు వ్యాఖ్యానించారు. నాకు ఈ నిర్ణయం తొందరపాటుగా తోస్తుంది. ఉదయం ఎనిమిది గంటలకు కార్యాలయానికి పరుగెత్తే గుమాస్తా సందర్భం లేని చోట లేడు. అతడు మరొక బలమైన సందర్భంలో ఉన్నాడు, దానికి హాజరు పట్టీ కూడా ఉంది. ఆ ప్రయోగాన్ని వర్ణించిన పాత్రికేయుడు మరొక విషయం కూడా నమోదు చేశాడు. అటుగా వెళ్ళిన పసిపిల్లలు ఆగి వినబోయారు, పెద్దలే వారిని లాక్కొని పోయారు.

2013లో చియా-జంగ్ సాయ్ అనే పరిశోధకురాలు ప్రకటించిన ఫలితం ఇంతకంటె ఇబ్బందికరమైనది. సంగీత పోటీల తుది ఘట్టాల దృశ్యాలను శబ్దం లేకుండా చూపినప్పుడు విజేతను గుర్తించినంత బాగా, శబ్దాన్ని మాత్రమే వినిపించినప్పుడు గుర్తించలేకపోయారు. సామాన్యులే కాదు, ధ్వనే ముఖ్యమని ఘంటాపథంగా చెప్పిన నిపుణులు కూడా అంతే. విద్వాంసుల పరిస్థితే ఇలా ఉంటే మనబోటి వారి సంగతి చెప్పాలా?

అయితే సందర్భం అనగానే అది సంగీతానికి పట్టిన మకిలి అన్నట్లు మాట్లాడడం మన ఆలంకారికుల మతం కాదు. సుమారు వెయ్యేళ్ళ క్రితం కాశ్మీరంలో అభినవగుప్తుడు నాట్యశాస్త్రానికి వ్యాఖ్యానం రాస్తూ రసానుభూతికి ఏడు విఘ్నాలను చెప్పాడు. అందులో ఒకటి, ప్రేక్షకుడు తన సొంత సుఖదుఃఖాలలో మునిగి ఉండడం. ఇంటి బాధ, అప్పు, బదిలీ, కూతురి పెళ్ళి మనసులో పెట్టుకొని వచ్చినవాడికి రసం అందదు. ఈ విఘ్నానికి ఆయన సూచించిన పరిహారం గమనింపదగినది: గానం, వాద్యం, విచిత్రమైన మండపం, నేర్పుగల నర్తకీమణులు. అంటే నేడు మనం సందర్భమని పక్కన పెట్టదలచిన దానినే ఆయన ఔషధంగా వాడాడు. మండపానికి అలంకారం దేనికంటే, దానిని చూస్తూ శ్రోత తనను తాను మరచిపోవడానికి.

ఈ గీటురాయి మీద గీసి చూస్తే మన సభలు ఏమని తేలుతాయి? జ్యోతి ప్రజ్వలన, పుష్పగుచ్ఛాలు, ముందు వరుసలో పేర్లు అంటించిన సోఫాలు, అతిథుల పరిచయం, శాలువాలు, జ్ఞాపికలు, వీటన్నిటినీ చరవాణులలో బంధించడం. ఇవేవీ ఎవరినీ తమను తాము మరచిపోనివ్వవు. ఎవరి హోదా ఏమిటో, ఎవరు ఏ వరుసలో కూర్చోవలసినవారో క్షణక్షణం జ్ఞాపకం చేస్తాయి.

ఒక అపరాధాన్ని ఇక్కడ ఒప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం ఒక సాయంకాలపు సభకు ఏర్పాట్లు చూసే బాధ్యత నాపై పడింది. వేణువాదకునికి గంటన్నర సమయం కేటాయించాం. ఉపన్యాసాలు, సన్మానాలు ముగిసేసరికి గంటకు పైగా కరిగిపోయింది. ఆయన ఆలాపన నెమ్మదిగా ఎత్తుకొన్నారు. అప్పుడప్పుడే రాగం రూపు కడుతున్నది. ముఖ్య అతిథి లేవవలసిన వేళ అయిందని పైనుంచి కబురు వచ్చింది. త్వరగా ముగించవలసిందని వేదిక మీదికి చీటీ వెళ్ళింది. ఆ చీటీ రాసింది నేనే. ఆయన దానిని చదివి, మడిచి, తబలా కళాకారుని వైపు ఒకసారి చూసి, ద్రుతంలో చిన్న గతు ఒకటి వాయించి లేచారు. చప్పట్లు మారుమోగాయి. మర్నాడు నేను దాఖలు చేసిన నివేదికలో కార్యక్రమం విజయవంతమైందని ఉంది. అందులో అసత్యమేమీ లేదు. నిజానికి కార్యక్రమమే విజయవంతమైంది.

పూర్వపు రాజాస్థానాలలో ఈ దురవస్థ లేదని అనేవారున్నారు. చరిత్ర విద్యార్థిగా నేను ఈ మాటను పూర్తిగా అంగీకరించలేను. రాయగఢ్ సంస్థానాన్ని 1924 నుంచి 1947 వరకు ఏలిన రాజా చక్రధర్ సింగ్ స్వయంగా తబలా వాదకుడు, నాట్యకోవిదుడు, సంగీత నృత్య గ్రంథకర్త. కార్తిక్ రామ్, కల్యాణ్ దాస్ వంటి కథక్ కళాకారులు ఆయన నీడలో తయారయ్యారు. అటువంటి ప్రభువు ఎదుట తాళం తప్పడం ఎవరికైనా ప్రమాదమే. కాని కొలువులో కూర్చున్న తక్కినవారు నర్తకుని పాదాలను చూశారా, ప్రభువు ముఖాన్ని చూశారా అన్నది ఏ దస్తావేజూ చెప్పదు. తాన్‌సేన్ గురువైన హరిదాసస్వామి గానాన్ని అక్బరు చాటుగా విన్నాడన్న కథ కూడా నాకు ఈ సందేహమే కలిగిస్తుంది. ఆస్థానంలో కలగని ఆనందం అడవిలో కలిగిందట. మారువేషం, పర్ణశాల, దొంగతనంగా వినడం, ఇవి కూడా సందర్భమే కదా! చక్రవర్తికి అంతకు మించిన వినోదం మరేముంటుంది?

సందర్భం చెవికి కాపలా కాసే చోటు ఒకటి నాకు ఛత్తీస్‌గఢ్ పల్లెల్లోనే కనిపించింది. పండవానీలో ప్రధాన గాయకునికి తోడుగా రాగీ అనే సహచరుడుంటాడు. మన బుర్రకథలో వంతలు చేసే పనిని కొంతవరకు ఇతడు చేస్తాడు. చరణాలకు వంత పాడతాడు, మధ్య మధ్య హుంకారం పలుకుతాడు, తెలియనట్లు ప్రశ్న వేస్తాడు. ఆలోచించి చూస్తే రాగీ వేదిక మీద కూర్చోబెట్టిన శ్రోత. వినడం ఎట్లాగో అతడు సభకు అభినయించి చూపుతున్నాడు. అతని హుంకారం తడబడితే గాయకుని పట్టు సడలుతుంది. గనియారీ గ్రామంలో పుట్టిన తీజన్ బాయి, స్త్రీలు కూర్చుని పాడే వేదమతి పద్ధతిని కాదని, నిలబడి అభినయిస్తూ పాడే కాపాలిక శైలిని చేపట్టి తన కులంవారి బహిష్కారానికి గురి అయ్యారు. ఆమె చేతి తంబూరా ఒక క్షణం భీముని గద, మరుక్షణం అర్జునుని విల్లు. ఆమెకు 2003లో పద్మభూషణ్, 2019లో పద్మవిభూషణ్ లభించాయి. ఆమె కళలో సంగీతమెంత, అభినయమెంత, కథ ఎంత అని తూచబోయేవాడు పండవానీని విననట్లే. ఆదిభట్ల నారాయణదాసుగారి హరికథ గురించి మన పెద్దలు చెప్పేదీ ఇదే. కాలి గజ్జె, చేతి చిరతలు, పిట్టకథ, చమత్కారం అన్నీ కలిసి శ్రోతను తెచ్చి రాగం ముందు కూర్చోబెట్టేవి.

మరి ఈ కళను దాని నేల నుంచి పెకలించి తెస్తే ఏమవుతుంది? దీనికి సమాధానం ఈ రాయ్‌పూర్‌లోనే 1923లో పుట్టిన హబీబ్ తన్వీర్ జీవితంలో ఉంది. రాత్రంతా సాగే నాచా ప్రదర్శనల నుంచి ఆయన పల్లెటూరి నటులను ఢిల్లీకి తీసుకుపోయాడు. మొదట వారిచేత హిందీ పలికించాడు, వేదికపై ఎప్పుడు ఎటు నడవాలో గిరి గీసి చెప్పాడు. వారు బిగుసుకుపోయారు. పొరపాటు తనదేనని గ్రహించడానికి ఆయనకు ఏళ్ళు పట్టింది. వారి ఛత్తీస్‌గఢీని వారికి తిరిగి ఇచ్చి, గిరులు చెరిపివేసిన తరువాత 1973లో రాయ్‌పూర్‌లో జరిపిన నాచా శిక్షణ శిబిరం నుంచి కొత్త నాటక పద్ధతి రూపు దిద్దుకొంది. 1975 నాటి 'చరణ్‌దాస్ చోర్' 1982లో ఎడిన్‌బరో ఉత్సవంలో ఫ్రింజ్ ఫస్ట్ బహుమతి పొందింది. అక్కడి ప్రేక్షకులకు ఛత్తీస్‌గఢీ ఒక్క ముక్క రాదు. చెట్టు, చలిమంట, ఊరిజనం ఏవీ లేవు. సందర్భంలో చాలా భాగం పోయినా కళ నిలిచింది. పాడేవాడు స్వేచ్ఛగా పాడేందుకు కావలసినంత మాత్రం తన్వీర్ వదలకుండా వెంట తీసుకుపోయాడు. మన ఉత్సవ నిర్వాహకులం సాధారణంగా దీనికి వ్యతిరేకమైన పని చేస్తాం. చెట్టును అట్టతో చేయించి వేదిక మీద నిలబెడతాం, పాటకు పన్నెండు నిమిషాలిస్తాం.

సందర్భం బొత్తిగా లేని వినికిడి ఉంటుందా అని అడిగేవారికి రేడియోను చూపడం పరిపాటి. విజయవాడ ఆకాశవాణి భక్తిరంజనిని మా తాతగారింట వింటూ పెరిగినవాణ్ణి నేను. గాయకుల ముఖాలు తెలియవు, పేర్లు కూడా చాలాకాలం తెలియవు. అయినా అది సందర్భం లేని పాట కాదు. తెల్లవారుజాము చీకటి, పాలు కాగే వాసన, అమ్మమ్మ ముగ్గు గిన్నె ఆ స్వరాలకు ఇప్పటికీ అంటుకొని ఉన్నాయి. అంతకంటె నిరాడంబరమైన వినికిడి ఖైరాగఢ్‌లో తటస్థించింది. అక్కడి పాలకులు తమ కుమార్తె ఇందిర పేర రాజప్రాసాదాన్నే ఇచ్చి, 1956లో నెలకొల్పిన సంగీత విశ్వవిద్యాలయానికి ఏదో పనిమీద వెళ్ళాను. మూసిన తలుపు వెనుక ఎవరో విద్యార్థిని ఒకే తానాన్ని పదేపదే సాధన చేస్తున్నది. ప్రతిసారీ ఒకే చోట జారుతున్నది. నేను వరండాలో నిలబడిపోయాను. ఆమె ఆ మలుపు దాటిందో లేదో తెలియకుండానే పిలుపు వచ్చి వెళ్ళవలసివచ్చింది. ఇన్ని కచేరీలు విన్నాను గాని, తరువాతి స్వరం కోసం అంత ఆత్రంగా మరెక్కడా ఎదురుచూడలేదు.

గత చలికాలం రాయ్‌పూర్‌లో మహంత్ ఘాసీదాస్ స్మారక సంగ్రహాలయ ప్రాంగణంలో ఒక జానపద గాయకుని పాట విన్నాను. ఈ సంగ్రహాలయం 1875 నాటిది. లోపల శిలాశాసనాలు, బయట బహిరంగ వేదిక. కార్యక్రమం మధ్యలో ధ్వనివర్ధకం మూగబోయింది. నిర్వాహకులు తీగల వెంట పరుగులు పెట్టారు. గాయకుడు ఆపలేదు. వెనుక వరుసలవారు కుర్చీలు వదిలి ముందుకు వచ్చి నేల మీద కూర్చున్నారు. చిన్న చప్పుడు చేసినవాడిని కూడా పక్కవారు కళ్ళతోనే వారించారు. పావుగంటసేపు అక్కడ ఎవరి హోదా ఎవరికీ గుర్తు లేదు. ధ్వనివర్ధకం తిరిగి పలికినప్పుడు కొందరు నిట్టూర్చడం నాకు స్పష్టంగా వినిపించింది.

ఆ పావుగంటను నేను చరవాణిలో నమోదు చేసుకొన్నాను. ఇంటికి వచ్చి తలుపు వేసుకొని విన్నాను. గాయకుని గొంతు రెండు చోట్ల శ్రుతి తప్పింది, చికారా బొంగురుగా ఉంది, ఎవరో దగ్గారు. ఆ సాయంత్రం ఇవేవీ నాకు వినబడలేదు. నమోదును చెరిపివేద్దామని ఒకసారి అనుకొన్నాను. ఉంచుకొన్నాను. అప్పుడప్పుడు వింటున్నాను, ఆ రెండు చోట్లు వచ్చే ముందు చెవి నిక్కపొడుచుకుంటుంది.