ఆల్ఫుల లోకము – ప్రవరుని ఇల్లు

ఉత్తర ఐరోపా నార్సు పురాణములలో ఆల్ఫులు అను దివ్యజాతి యొకటి కలదు. మన గంధర్వులవలె వారును తేజోవంతులు, మనుష్యులకు అందీ అందనివారు. వారి లోకము పేరు ఆల్ఫ్‌హైమ్; ఆల్ఫుల ఇల్లని అర్థము. పాడిపంటలకు అధిదైవమైన ఫ్రేయర్‌కు తొలిపన్ను వచ్చినపుడు దేవతలు ఆ లోకమును కానుకగా నిచ్చిరని గ్రీమ్నిస్మాల్ అను ప్రాచీన గీతము చెప్పుచున్నది. 1220 ప్రాంతమున ఐస్‌లాండు పండితుడు స్నోర్రి స్టూర్లుసోన్ తన ఎడ్డా గ్రంథమున, అచటి వెలుగు ఆల్ఫులు సూర్యునికంటె కాంతిమంతులనియు, చీకటి ఆల్ఫులు భూగర్భమున వసింతురనియు వ్రాసెను. ఈ విభజనకు క్రైస్తవుల దేవదూతల భావన మూలమేమోయని ఆధునిక పండితులు కొందరు సంశయించిరి.

ఇంతకుమించి ఆ లోకమును గూర్చి మనకు దక్కినది స్వల్పము. దానికి పేరున్నది, వెలుగున్నది. త్రోవ లేదు, వాకిలి లేదు.

శ్రీకృష్ణదేవరాయల (1509–1529) ఆస్థానమున అల్లసాని పెద్దన రచించిన మనుచరిత్రమును దీని ప్రక్కన నుంచి చూతము. సిద్ధుడొసగిన పాదలేపముతో ప్రవరుడు హిమాలయమునకు పోయెను. మంచునకు లేపము కరగిపోగా ఆ దివ్యభూమియే అతనికి చెరయయ్యెను. అచ్చర వరూధిని ఎదుట నిలిచి వలచినను, అతడడిగినది తన యూరికి దారి యొక్కటే. పెద్దన ఘనత హిమాలయ వర్ణనమున నున్నదని తలచుట వాడుక. మేమట్లు తలపము. దానికి ముందే అరుణాస్పదపురమున ప్రవరుని అగ్నులను, అతిథులను, వృద్ధులైన తల్లిదండ్రులను, ఇల్లాలిని చూపుటయే ఆ ఘనత. ఆ యిల్లు తెలిసినందుననే ఆ స్వర్గమును మనము తూచగలుగుచున్నాము. పిదప గంధర్వుడు ప్రవరుని రూపము ధరించెను; ఇంటికై అతడు పడిన తపనను మాత్రము ధరింపలేకపోయెను. ఒక్క కొరత చెప్పవలెను: ప్రవరుడు ఇల్లు చేరినంతనే కవి అతనిని విడిచి వరూధిని వెంట పోయెను. ఆ యింటిలోని మరునాటి ఉదయమును మన మెరుగము.

బొమ్మనహళ్ళిలో స్థిరపడిన తెలుగు కుటుంబముల వారమగు మనకు ఇది వట్టి పాండిత్య విషయము కాదు. ఆ కావ్యము పుట్టిన విజయనగరము, అనగా నేటి హంపి, ఈ కర్ణాటకముననే యున్నది. తెలుగునేలను పిల్లలకు ఆల్ఫ్‌హైమ్‌వలె చెప్పుట సులభము: మిక్కిలి వెలుగుగలది, మిక్కిలి దూరమైనది. అట్టి లోకమును పొగడవచ్చును గాని అందు కాపురము చేయలేము. ప్రవరుని ఇల్లు నిత్యకృత్యములతో నిలిచినది. మన తెలుగును అట్లే నిలువవలెను. పండుగ వేదికపై ఏటికొకసారి పొగడిన భాష పొరుగులోకపు భాషయగును. పిల్లవాడు అమ్మను అన్నమడిగిన భాషయే ఇంటిభాష. కావున మనుచరిత్రమును మన యిండ్లలో చదువునపుడు హిమాలయముతో గాక, అరుణాస్పదపురపు వాకిటితో మొదలిడవలెనని మా మనవి.