ద్వెర్గులు మరుగుజ్జులా? — నార్సు పురాణములలోని ఒక శబ్దమును గూర్చి

ఐరోపాఖండపు ఉత్తరదేశముల పురాణగాథలను గూర్చి తెలుగున వ్రాయువారు ప్రాచీన నార్సు భాషయందలి 'ద్వెర్గ్' శబ్దమును ఆంగ్లము మీదుగా గ్రహించి, 'మరుగుజ్జు' అనియో 'వామనుడు' అనియో తెనిగించుట పరిపాటి. పైకి ఈ యనువాదము నిర్దోషముగనే తోచును. కాని దీనిని నమ్మి తులనాత్మక పరిశీలనమునకు పూనుకొన్న విద్యార్థి మొదటి యడుగుననే దారి తప్పును. వామనావతారమును ద్వెర్గులను ఒక్క త్రాట కట్టినపుడు కనబడు పోలిక తెలుగు మాటలో నున్నదే గాని మూలగాథలలో నున్నది కాదు.

ఈ గాథలకు ముఖ్యాధారములు రెండు. ఐస్‌లాండు పండితుడు స్నోరి స్టుర్లుసన్ 1220 ప్రాంతమున రచించిన ఎడ్డా ఒకటి. 1270 ప్రాంతపు వ్రాతప్రతిలో నిలిచిన ప్రాచీన గేయముల సంపుటి రెండవది. ద్వెర్గజాతి యంతయు పొట్టిదని చెప్పిన వాక్యము ఈ రెంటను కానరాదు. రెగిన్ అను కమ్మరిని గూర్చిన గేయమునకు ముందున్న వచనమున మాత్రము అతడు ఆకృతియందు ద్వెర్గు వంటివాడను నర్థమిచ్చు మాట యున్నది. ఇది త్రోసిపుచ్చరాని పూర్వపక్షమే. అయినను అది గేయభాగము గాక గేయమునకు చేర్చిన వచనము. పదుమూడవ శతాబ్ది నాటికి ఆ శబ్దమునకు కుఱుచదనపు ఛాయ సోకినదనుటకు అది సాక్ష్యమగును గాని, ఆదినుండియు అదియే ప్రధానార్థమనుటకు చాలదు.

మఱి ద్వెర్గులెవరు? స్నోరి చెప్పిన కథలో వీరు యూమిర్ అను ఆదిరాక్షసుని మాంసమున పురుగులుగా పుట్టి, దేవతల యాజ్ఞచే మనుష్యరూపమును బుద్ధిని పొంది, భూగర్భమునను శిలలలోను నివసించువారు. నలుగురు ద్వెర్గులు నాలుగు దిక్కుల నిలిచి ఆకాశమును మోయుచున్నారు. దిక్కుల పేళ్లే వారి పేళ్లు. ఇది చదువగానే మనకు అష్టదిగ్గజములు స్ఫురించుట సహజము. నార్సు భాషలో ప్రతిధ్వనికి 'ద్వెర్గుల పలుకు' అని పేరు. గుట్టబండల నడుమ పెరిగిన హైదరాబాదు వారికి ఈ పదము సొగసు వేరుగా వివరింపనక్కఱలేదు.

వీరి ఘనత యంతయు కొలిమి యొద్ద నున్నది. లోకి అను జిత్తులమారి సిఫ్ దేవి జుట్టు కత్తిరించి, శిక్షకు వెఱచి, ఈవాల్డి కొడుకులచే ఆమెకు బంగారు కేశములను, వానితో మడిచి సంచిలో నుంచుకొనదగిన ఓడను, గుంగ్నిర్ అను ఈటెను చేయించెను. అంతట నూరకుండక బ్రోక్ అను మఱియొక ద్వెర్గుతో తల పందెము కాచెను. బ్రోక్ తిత్తులూదుచుండగా అతని సోదరుడు బంగారు రోమముల పందిని, తొమ్మిదవ రాత్రి కొకసారి ఎనిమిది ఉంగరములను రాల్చు కంకణమును, తుదకు థోర్ దేవుని సమ్మెటను సృష్టించెను. ఒక ఈగ కనుఱెప్పపై కుట్టగా బ్రోక్ క్షణకాలము తిత్తి విడిచెను. దానిచే సమ్మెట పిడి పొట్టిదయ్యెను. ఈ కథలో పొట్టిదని చెప్పబడినది సమ్మెట పిడి యొక్కటే, కమ్మరి కాదు! అయినను దేవతలు సమ్మెటకే పట్టము కట్టిరి. పందెము ప్రకారము తల నీయవలసి వచ్చినపుడు లోకి, తల నీదే గాని మెడ నీది కాదని తప్పించుకొనెను. బ్రోక్ అతని పెదవులు కుట్టి విడిచెను.

ఇట్టి స్పర్ధ మనకు క్రొత్త కాదు. ఋగ్వేదమున సుధన్వుని కుమారులైన ఋభువులు త్వష్ట చేసిన ఒక్క పాత్రను నాలుగుగా చేసిరి, త్వష్ట సిగ్గుపడెను. ఇంద్రుని వజ్రమును చేసినవాడును త్వష్టయే. ఋభు శబ్దమునకు జర్మానిక్ భాషల 'ఎల్ఫ్' శబ్దముతో చుట్టఱికము కలదని 19వ శతాబ్దిలో కొందరు ఊహించిరి. అది నిర్వివాదము కాలేదు. శబ్దము సంగతి యెట్లున్నను, శిల్పుల పోటీయు దేవతల యాయుధములును రెండు చోట్లను కలవు. భేద మొక్కటి. ఋభువులు మర్త్యులై పుట్టి నైపుణ్యముచే అమరత్వము పొందిరి. ద్వెర్గులు తుదివఱకు బండక్రిందనే యుండిరి.

ఆల్విస్ అను ద్వెర్గు కథ తెలుగు వారికి మఱింత రుచించును. తన కూతు నడుగ వచ్చిన ఇతనిని థోర్ ప్రశ్నలతో రాత్రియంతయు నిలిపియుంచును. భూమి, ఆకాశము, చంద్రుడు మొదలగు వానిని మనుష్యులు, దేవతలు, రాక్షసులు ఏ పేళ్ల పిలుతురని పదుమూడు ప్రశ్నలు. ఆల్విస్ అన్నింటికిని బదులు చెప్పి, తెల్లవారగా సూర్యకాంతికి చిక్కి నశించును. గేయమున సగపాలు పద్యనిఘంటువే. అమరకోశమును, పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహమును చదివినవారికి ఇట్టి రచన వింత కాదు. అశ్వమునకు దేవ, గంధర్వ, అసుర, మనుష్యులలో వేర్వేఱు నామములున్నవను బృహదారణ్యకోపనిషత్తు దీనికి మిక్కిలి సన్నిహితము. నా దృష్టిలో వామనచరిత్రకంటె ఇదియే తులనమునకు తగిన తావు.

పోతన అష్టమస్కంధమున వామనుని పొట్టితనము కథకు ప్రాణము; అది లేనిచో మూడడుగుల భూమి యనుమాటకు చమత్కారమే లేదు. నన్నయ ఆదిపర్వమునందలి వాలఖిల్యుల కథయు నట్టిదే: అల్పశరీరులను చూచి ఇంద్రుడు నవ్వినందుననే వారు మఱియొక ఇంద్రునికై యజ్ఞమునకు పూనిరి. ద్వెర్గుల కథలలో పొట్టితనమును తీసివేసినను జాఱిపోవునది లేదు.

అమరావతి శిల్పములలో పూలదండ మోయు గుజ్జు యక్షులను చూచిన మన కంటికి, ద్వెర్గు లనగానే ఆ రూపమే తోచుట కొంత న్యాయమే. ఇక చలనచిత్రముల ప్రభావము చెప్పనక్కఱలేదు. డిస్నీ వారి 'స్నోవైట్' 1937లో వచ్చినది. టోల్కీన్ నవల 'ది హాబిట్' అదే యేడు వెలువడినది, అందలి పాత్రల పేళ్లు పెక్కు 'వోలుస్పా' గేయమున నున్న ద్వెర్గుల పట్టికనుండి తీసికొన్నవి. నేడు సైదాబాదు బడిలోని బాలుడును డ్వార్ఫు అనగానే ఆ గడ్డముల పొట్టివారినే తలచును. బాలుడు తలచిన తప్పు లేదు. పరిశోధకుడు తలచినచో సిద్ధాంతగ్రంథము చెడును.

'గుహ్యకులు' అనరాదా యని యడుగవచ్చును. నిధులను కాచుట, దాగియుండుట వీరికిని కలవు గాన ఆ పేరు కొంత చేరువ. కాని కుబేరుని పరివారమునకు కొలిమితో పని లేదు. 'ఋభువులు' అన్నచో కొలిమి దక్కును, గుహ పోవును. కావున శబ్దమును 'ద్వెర్గులు' అనియే యుంచి, మొదటి ప్రయోగమున భూగర్భవాసులగు శిల్పులని వివరణ వ్రాయుట మేలు. రెగిన్ కథను తెనిగించునపుడు మాత్రము ఆకృతిని గూర్చిన ఆ మాటను విడువక, అది వచనభాగములోనిదని తెలియునట్లు వ్రాయవలెను.