ఏ బాబతు?

విదేశాలతో లావాదేవీలున్న చిన్న సంస్థ లెక్కల సాఫ్ట్‌వేర్ కొనబోయే ముందు అడిగే మొదటి ప్రశ్న ఇలా ఉంటుంది: బ్యాంకు స్టేట్‌మెంటులోని పద్దుల్లో ఎన్నింటిని ఇది తనంతట తానే మన ఇన్‌వాయిస్‌లతో కలుపుతుంది? అమ్మడానికి వచ్చినవాళ్లు చూపించేదీ అదే. తెర మీద వరసగా పచ్చ టిక్కులు పడుతూ పోతాయి, చూసేవాళ్లకు నమ్మకం కుదురుతుంది. నాకు మాత్రం ఈ ప్రశ్నే తప్పనిపిస్తుంది. కలిసే పద్దు ఎలాగైనా కలుస్తుంది. గుమాస్తా కలిపితే పది నిమిషాలు పడుతుంది, యంత్రం కలిపితే క్షణం పడుతుంది, అంతే తేడా. సాఫ్ట్‌వేర్ విలువ తెలిసేది కలవని పద్దు దగ్గర. చిట్టా, ఆవర్జా రాసిన రోజుల్లో ప్రతి పద్దు పక్కనా 'ఫలానా బాబతు' అని ఉండేది. బాబతు తెలియని రూపాయిని పుస్తకంలోకి రానిచ్చేవాళ్లు కాదు. కొనబోయే సాఫ్ట్‌వేర్ కూడా తేడా కనబడ్డప్పుడు 'ఏ బాబతు?' అని అడుగుతుందా, లేక ఏదో ఒక ఖాతాలోకి తోసేసి లెక్క తేలిందంటుందా అన్నది చూడాలి.

భీమవరం చుట్టుపక్కల చెరువుల్లో పెరిగిన రొయ్య విశాఖ రేవులో కంటైనరెక్కి అమెరికా వెళ్లిందనుకుందాం. అంకెలు ఉదాహరణకు వేసినవే, కానీ ఇలాంటి తేడాలు ఎగుమతిదారులకు కొత్త కాదు. ఇన్‌వాయిస్ 50,000 డాలర్లు. డాలరు 84 రూపాయల చొప్పున పుస్తకంలో 42,00,000 రాసుకున్నారు. రెండు నెలల తర్వాత ఖాతాలో పడింది 41,38,247. అంటే 61,753 రూపాయలు తక్కువ. ఇందులో నాణ్యత పేరు చెప్పి కొనుగోలుదారు కోసుకున్నది 500 డాలర్లు, అంటే 42,000 రూపాయలు. దారిలో మధ్యవర్తి బ్యాంకు తీసుకున్నది 40 డాలర్లు, 3,360 రూపాయలు. మిగిలిన 49,460 డాలర్లను మన బ్యాంకు 83.70 చొప్పున మార్చింది కాబట్టి అక్కడ తగ్గింది 14,838. చివరి 1,555 రూపాయలు కరెన్సీ మార్పిడి సేవ మీద జీఎస్టీ. పది లక్షలు దాటిన మార్పిడికి సేవ విలువను 5,500 రూపాయలుగా, పది లక్షలకు పైబడిన సొమ్ము మీద మరో 0.1 శాతంగా లెక్కగట్టి, దాని మీద 18 శాతం పన్ను వేస్తారు.

ఈ నాలుగూ నాలుగు వేర్వేరు బాబతులు. మధ్యవర్తి బ్యాంకు తీసుకున్నది ఖర్చు. రేటులో తగ్గింది మారకపు నష్టం. జీఎస్టీ అసలు ఖర్చే కాదు, బ్యాంకు ఇచ్చే పన్ను పత్రం చేతిలో ఉంటే ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి తీసుకోదగ్గ సొమ్ము. నాణ్యత కోత అమ్మకాల్లోంచి తీసెయ్యాల్సినది, పైగా దాని కథ మన పుస్తకంతో ముగియదు. ప్రతి ఎగుమతి డబ్బూ తిరిగొచ్చిందా లేదా చూడడానికి రిజర్వు బ్యాంకు 2014లో తెచ్చిన ఈడీపీఎంఎస్ వ్యవస్థలో ఆ షిప్పింగ్ బిల్లు 50,000 డాలర్లకే నమోదై ఉంటుంది. తగ్గిన 500కు ఆధారం చూపించి బ్యాంకు చేత తగ్గింపు రాయించుకోకపోతే ఆ బిల్లు మూతపడక అలాగే నిలిచిపోతుంది. మన పుస్తకంలో మాత్రం అంతా తేలిపోయినట్టు కనబడుతుంది. ఒక్క బటన్ నొక్కితే 61,753 మొత్తాన్నీ 'మారకపు వ్యత్యాసం' కింద వేసేసే సాఫ్ట్‌వేర్ చేసే హాని ఇదే. పచ్చ టిక్కు పడింది కాబట్టి మళ్లీ ఎవరూ అటు చూడరు.

ఇంతా చేసి, ముందు చూడాల్సింది చార్జీలు కదా అనేవాళ్లున్నారు. తక్కువలో డబ్బు తెప్పించే సేవను పట్టుకుంటే చాలు, పుస్తకాల సంగతి తర్వాత అంటారు. ఖర్చు ముఖ్యమే, కాదనను. కానీ ఏది తక్కువో తెలిసేదెలా? పై ఉదాహరణలో 14,838 రూపాయల మారకపు నష్టాన్ని ఇంకాస్త విప్పి చూద్దాం. డబ్బొచ్చిన రోజు మార్కెట్లో డాలరు 84.20 ఉందనుకోండి. పుస్తకంలో రాసుకున్న రేటు కన్నా ఇరవై పైసలు ఎక్కువ, అంటే మారకంలో మనకు నిజానికి 9,892 రూపాయలు లాభం రావాలి. బ్యాంకు 83.70 మాత్రమే ఇచ్చింది కాబట్టి రేటులో తాను ఉంచుకున్న అర్ధ రూపాయి విలువ 24,730. ఈ అంకె స్టేట్‌మెంటులో ఒక వరసగా ఎక్కడా కనబడదు. బ్యాంకు మన లాభాన్ని మింగేసి, పైన మరో 14,838 తీసుకుని, నేరం రూపాయి మీదకు నెట్టేస్తుంది. మధ్యవర్తి బ్యాంకు 40 డాలర్ల గురించి మెయిళ్ల మీద మెయిళ్లు రాసే సంస్థలు, దానికి ఏడు రెట్లున్న ఈ సొమ్మును చూడకపోవడం నన్ను బాధిస్తుంది. 2018 నుంచి ఎఫ్‌బీఐఎల్ సంస్థ ప్రకటిస్తున్న డాలరు రిఫరెన్స్ రేటు అందరికీ అందుబాటులో ఉంది. ప్రతి జమ పక్కనా ఆ రోజు రేటునూ బ్యాంకు ఇచ్చిన రేటునూ పెట్టి చూపించే సాఫ్ట్‌వేర్ ఉంటే బ్యాంకుతో బేరమాడవచ్చు, వేరే సేవతో పోల్చవచ్చు. 'చార్జీలు లేవు' అన్న ప్రకటనకు అర్థమేమిటో తేలేదీ అప్పుడే.

ఇక సాంకేతికత మెరుగవుతోంది, ఈ తేడాలు వాటంతటవే పోతాయన్న ఆశ ఒకటుంది. దేశాల మధ్య చెల్లింపులకు బ్యాంకులు వాడే స్విఫ్ట్ పాత సందేశంలో ఏ ఇన్‌వాయిస్ బాబతు డబ్బో చెప్పడానికి ఉన్న చోటు 140 అక్షరాలు. మూడు బిల్లులకు కలిపి ఒకేసారి పంపి, మధ్యలో ఒక కోత కూడా ఉంటే ఆ చోటు ఏ మూలకు? 2025 నవంబరులో బ్యాంకుల మధ్య చెల్లింపు సందేశాలు ఐఎస్ఓ 20022 పద్ధతికి మారాయి కాబట్టి ఇన్‌వాయిస్ వివరాలను విడివిడిగా పంపే వీలు ఏర్పడింది. అది మంచిదే. అయితే గడి ఉన్నంత మాత్రాన కొనుగోలుదారు దాన్ని నింపుతాడని లేదు. నాణ్యత కోతకు కారణం అతని మెయిల్లో ఉంటుంది, చెల్లింపు సందేశంలో ఉండదు. అందుకే చెల్లింపు వెంట ఆసాంతం ప్రయాణించే 36 అక్షరాల యూఈటీఆర్ సంఖ్యనూ ఆ మెయిలునూ ఓచరుకే జతచేసి దాచగలగడం, నూటికి ఇన్ని కలిపామన్న గొప్పకన్నా విలువైన గుణం.

ఎక్సెల్ చాలదా అన్న ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. నెలకు నాలుగైదు బిల్లులుండి, ప్రతి తేడాకూ ఒక నిలువు వరసలో బాబతు రాసే ఓపిక ఉన్న మనిషి ఉంటే, తేడాలను మింగే ఖరీదైన సాఫ్ట్‌వేర్ కన్నా ఆ షీటే నయం. దాని బలహీనత మరొకచోట ఉంది. నిన్నటి అంకెను ఈరోజు ఎవరు మార్చారో, ఎందుకు మార్చారో మామూలు షీటు దానంతటదే చెప్పదు. కంపెనీగా నమోదైన సంస్థ సాఫ్ట్‌వేర్‌లో లెక్కలు రాస్తే, ప్రతి మార్పూ జాడతో నమోదవ్వాలనీ ఆ నమోదును ఆపే వీలు ఉండకూడదనీ 2023 ఏప్రిల్ 1 నుంచి నిబంధన ఉంది. ఎగుమతి లెక్కల్లో బాబతు మార్చడమంటే ఖర్చును నష్టంగానో, కోతను చార్జీగానో మార్చడం. ఆ జాడ తప్పకుండా ఉండాలి.

మార్చిలో ఆడిటరు చూసుకుంటారులే అన్న మాట మాత్రం ఒప్పుకోలేను. జూన్‌లో జరిగిన కోతకు మార్చి నాటికి ఆధారం వెతకబోయేసరికి, కొనుగోలుదారు దగ్గర ఆ సరుకు చూసిన మనిషి ఉద్యోగం మారి ఉంటాడు, మన బ్యాంకు శాఖలో ఫారెక్స్ చూసే అధికారికి బదిలీ అయి ఉంటుంది. ఆడిటరుకు మిగిలేది సస్పెన్స్ ఖాతాలో ఒక నిలవ, దాన్ని ఎటో అటు సర్దక తప్పని ఒత్తిడి. అందుకే డెమో రోజున అమ్మేవాళ్ల నమూనా లెక్కలు చూడడానికి ఒప్పుకోవద్దు. అవి కలవడానికే తయారుచేసినవి. గత ఆరు నెలల్లో మిమ్మల్ని బాగా విసిగించిన పది పద్దులు, వాటి స్టేట్‌మెంటు వరసలు, బ్యాంకు అడ్వైస్ పత్రాలు పట్టుకెళ్లండి. ఆ 61,753 లాంటి తేడాను తెర మీద పెట్టించి, నాలుగుగా విడదీయమని అడిగి, ఎన్ని నిమిషాలు పడుతుందో గడియారం చూసుకోండి.